తెర కట్టిన వానకాలం

మృగశిర కార్తె మొదలయ్యే మిరుగు నాడు చేపలు తినకపోతే ఏడాదంతా రోగాలే అని మా అత్తమ్మ బుచ్చమ్మ నమ్మకం. ఆ పొద్దు ఆమె బజారుకు పోయి రెండు కిలోల బొచ్చె చేప కోయించుకొచ్చి, "నీసు గిన్నె తియ్యి పిల్లా" అన్నది. మా ఇంట్లో చేపలు వండే గిన్నె వంటింట్లో ఉండదు. పెరట్లో రేకుల కింద బోర్లించి ఉంటుంది. దాన్ని తోముతుంటే అంచు మీద చుక్కలు చుక్కలుగా కొట్టిన అక్షరాలు వేళ్లకు తగిలాయి. జమున.

జమున మా ఆయన మొదటి భార్య. ఐదేళ్లు కాపురం చేసింది. పిల్లలు కాలేదు. పెద్దమనుషుల్లో మాట్లాడుకుని, కోర్టులో విడాకులు తీసుకున్నారు. పుట్టింటివాళ్లు పెట్టిన సామాను మంచాలు, బీరువా, గిన్నెలతో సహా పంపేశారట. నీసు గిన్నె పెరట్లో ఉండటంతో ఎవరికీ గుర్తు రాలేదు. జమున మళ్లీ పెళ్లి చేసుకుని కోదాడ వెళ్లిందని విన్నాను. నేను ఈ మిర్యాలగూడ ఇంటికి వచ్చి రెండున్నరేళ్లయింది. మిరుగుకొకసారి ఆ పేరును నా చేత్తో తోముతున్నాను. ఆమెను ఫోటోలో తప్ప ఎప్పుడూ చూడలేదు, అయినా ఆ గిన్నెను పీచుతో కాదు, పేరు అరిగేలా ఇటుక పొడితో రుద్దేదాన్ని.

పులుసు మరుగుతుండగా పక్కింటి కళ్యాణి వచ్చి గడప మీద కూర్చుంది. ఆమె పుట్టిల్లు కోదాడ. నిన్ననే వచ్చింది.

"అత్తా, మీకు చెప్పాల్నో వద్దో తెలుస్తలేదు. కోదాడల జమున కనబడ్డది. సంకల పిల్లగాడు ఉన్నడు."

"ఎవల పిల్లగాడో ఎత్తుకున్నదేమో" అన్నది అత్తమ్మ.

"కాదత్తా. ఆమె కొడుకే. ఎనిమిది నెలలట. బొద్దుగున్నడు."

"నా ఇంట్ల ఐదేండ్లు కానిది గాడ ఎట్లయితది? యాడనన్న తెచ్చుకున్నరేమో, అడిగినవా?" అన్నది అత్తమ్మ. కళ్యాణి నవ్వింది.

నేను పులుసులో రెండోసారి ఉప్పు వేశాను. ఎందుకో ఎవరికైనా చెబితే నవ్వుతారు. ఆమెకు పిల్లలు కాలేదన్న ఒక్క మాట మీదే నేను ఈ ఇంట్లో నిలబడి ఉన్నాను. రెండున్నరేళ్లుగా నెలనెలా అత్తమ్మ చూపులు ఓర్చుకున్నది ఆ ధైర్యంతోనే. నేను మొన్నమొన్న వచ్చినదాన్ని, ఆమెకు ఐదేళ్లయినా పిల్లలు కాలేదు కదా అనుకునేదాన్ని. ఇప్పుడు ఆమె సంకలో కొడుకున్నాడు. ఇక ఆ వరసలో మిగిలింది నేనే. ఆమెను పంపిన దారి ఈ ఇంట్లో అందరికీ తెలుసు, ముందు నాటుమందులు, తర్వాత మొక్కులు, తర్వాత పెద్దమనుషులు. నాటుమందుల వంతు నాకు ఉగాదికే మొదలైంది.

ఆ రోజు పులుసు ఎవరూ తినలేకపోయారు.

సాయంత్రం ఆరింటికి మా ఆయన వీరేశం మిల్లు నుంచి వచ్చాడు. ఆయన ఒక రైస్ మిల్లులో గోదాం చూసుకుంటాడు. బస్తాల దొంతరలకు పురుగు పట్టకుండా మందు కొట్టించేది ఆయనే. వచ్చి కాళ్లు కడుక్కోగానే ఎప్పటిలాగే మా పడకగది కిటికీలు రెండూ మూసేశాడు. డబ్బా స్ప్రే నాలుగు మూలలా కొట్టాడు. మంచానికి అటొకటి ఇటొకటి దోమల మిషన్లు పెట్టాడు. మంచం కింద కాయిల్ ముట్టించాడు. ఆ మిషన్ల సీసాలు అయిపోతే కొత్తవి కొనే మనిషి కాదు. "కొన్న మందుకు దోమలు అలవాటు పడ్డయి" అని, మిల్లులో మిగిలిన గోదాం మందును కిరోసిన్‌లో కలిపి ఆ ఖాళీ సీసాల్లోనే నింపుతాడు. మిల్లులో చాలామంది ఇళ్లల్లో ఇదే పద్ధతి. దోమ వాలిందంటే పడిపోవాల్సిందే అని గొప్పగా చెప్పుకుంటారు.

ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. ఎనిమిదేళ్ల కింద, జమునతో పెళ్లయిన ఏడాదిలోపే ఆయనకు డెంగీ వచ్చింది. ప్లేట్‌లెట్లు పద్దెనిమిది వేలకు పడిపోయి, సూర్యాపేట దవాఖానాలో పదకొండు రోజులు ఉన్నాడు. పక్క మంచం మనిషి ఆయన కళ్ల ముందే పోయాడట. అప్పటి నుంచి దోమ మోత వినబడితే చాలు, అన్నం ముందు నుంచి కూడా లేస్తాడు.

నాకా గది వాసనకు పొద్దున తల పట్టేసినట్టు ఉండేది. అయినా సంబరంగానే ఉండేది. మా పుట్టిల్లు ఆత్మకూర్‌లో వేపాకు పొగలో దగ్గుతూ పెరిగినదాన్ని. నన్ను ఒక్క దోమ కూడా కుట్టకుండా చూసుకునే మొగుడు దొరికాడని మా అమ్మకు ఫోన్‌లో చెప్పుకునేదాన్ని. ఆ రోజు మాత్రం మంచం అంచున కూర్చుని, ఈ సంబరం కూడా ముందు జమునదే కదా అనుకున్నాను.

మూడు రోజులు ఓపిక పట్టాను. నాలుగో రోజు అమ్మను చూసి వస్తానని చెప్పి, నీసు గిన్నె సంచిలో పెట్టుకుని కోదాడ బస్సు ఎక్కాను. గిన్నె తిరిగి ఇవ్వాలన్నది సాకు. ఆమెను చూడాలి, ఆ పిల్లవాడిని చూడాలి. నిజం చెప్పాలంటే వాడు ఆమె కన్నవాడు కాదని తేలితే బాగుండునని హుజూర్‌నగర్ దాకా కోరుకుంటూనే ఉన్నాను.

కళ్యాణి చెప్పిన గుర్తుల ప్రకారం ఇల్లు తేలిగ్గానే దొరికింది. జమున వరండాలో కుట్టుమిషన్ ముందు కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. ఫోటోలో కంటే నల్లగా, ఫోటోలో కంటే అందంగా ఉంది. అది చూడగానే ఎందుకు వచ్చానా అనిపించింది.

"రండి. బ్లౌజు కొలతలకా?"

"కాదక్కా. మిర్యాలగూడ నుంచి వచ్చిన. నేను శ్రీలతను."

పేరు వినగానే ఆమె చేతిలో సూది ఆగింది. సంచిలోంచి గిన్నె తీసి ముందు పెట్టాను. అంచు చూసి, ముక్కు దగ్గర పెట్టుకుని నవ్వింది.

"చేపల గిన్నె. దీన్ని ఇవ్వడానికి ఇంత దూరం వచ్చావా?"

"నీ పేరున్నది గదక్కా."

"పేరుంటే ఏముంది. నాకొద్దులే, నువ్వే వండుకో. ముందు కూర్చో, మంచినీళ్లు తెస్తాను."

ఆమె మాట కూడా మారిపోయింది. పుట్టింది మాడుగులపల్లి దగ్గర పల్లెలో, మాటేమో కోదాడది. కొత్త మొగుడు, కొత్త ఇల్లు, కొత్త మాట. అన్నీ మార్చుకోగలిగిన మనిషిని చూస్తే నాకు ఒళ్లు మండింది.

లోపల మంచం మీద నీలిరంగు దోమతెర కట్టి ఉంది. అందులో పిల్లవాడు నిద్రపోతున్నాడు. తెర ఎత్తి, లోపలికి వంగి చూశాను. జమునవే ఆ పలచటి కనుబొమలు, ఆమెదే ఆ గడ్డం. ఇక అనుమానం పెట్టుకోవడానికి ఏమీ మిగల్లేదు. నిద్రలోనే నా చూపుడువేలు పట్టుకున్నాడు. వీడు నాకు పుట్టాల్సినవాడు అనిపించింది. సిగ్గుమాలిన ఆలోచనే, కానీ వచ్చింది.

"పగలు గూడ తెర ఎందుకక్కా? మిషన్ పెట్టరా?"

"మా ఆయన సాయిబాబు గారికి ఆయాసం. కాయిల్ పొగ, స్ప్రే వాసన ఏదీ పడదు. మా ఇంట్లో అందరికీ తెరలే" అన్నది. "ఆ గదిలో ఐదేళ్లు పడుకున్నాను కదా. ఇక్కడికి వచ్చిన కొత్తలో రాత్రిళ్లు గాలి వాసనే వింతగా ఉండేది. ఇప్పటికీ కిరోసిన్ కలుపుతాడా?" అని అడిగింది.

"కలుపుతడు."

ఆమె తల ఊపింది. తర్వాత నా ముఖంలోకి చూస్తూ, "పరీక్షకు వెళ్లాడా?" అన్నది.

"ఎవలు?"

"ఇంకెవరు. నాకు ఆరు రకాల పరీక్షలు చేశారు శ్రీలతా. అన్నీ బాగున్నాయి. మీ ఆయన్ను తీసుకురామ్మా అని సూర్యాపేట డాక్టరు చీటీ రాసిచ్చాడు. చూపిస్తే చింపి పొయ్యిలో వేశాడు. ఇంకోసారి రాయించుకున్నాను. అది చూపించేలోపే పెద్దమనుషులను పిలిపించారు."

లోపలికి వెళ్లి, కోర్టు కాగితాల ఫైలు తెచ్చి అందులోంచి ఒక చీటీ తీసింది. మడతల దగ్గర చిరగడానికి సిద్ధంగా ఉంది. భర్తకు వీర్య పరీక్ష అని రాసి, కింద గీత గీసి ఉంది.

"నన్ను గొడ్రాలంటే పడ్డాను. నువ్వు పడకు" అన్నది. గొంతులో ఏడుపు లేదు. అందుకే నాకు ఇంకా కోపం వచ్చింది. నేను భయపడుతున్న ప్రతి మెట్టూ ఆమె ముందే ఎక్కి, దిగి, దాటిపోయింది. ఫోన్ నంబర్లు ఇచ్చిపుచ్చుకున్నాక, గిన్నె, చీటీ సంచిలో వేసుకుని బస్సు ఎక్కాను. ఇవ్వడానికి పోయి, ఆమె దగ్గర తీసుకుని వచ్చాను.

చీటీ ఆయనకు చూపించలేదు. ఇది కూడా పొయ్యిలో పడటం నా కళ్లతో చూడలేను. అంతకుముందు నేనూ రెండు మూడుసార్లు పరీక్ష మాట ఎత్తాను. "నాకేం రోగం? సిగరెట్ ముట్ట, కల్లు ముట్ట" అని లేచిపోయేవాడు. అందుకే ఈసారి మాట మార్చాను. అన్నం పెడుతూ చెప్పాను.

"జమునకు కొడుకు పుట్టిండు. ఎనిమిది నెలలు."

ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "ఎవలు చెప్పిన్రు?"

"నేనే పోయి సూసిన."

ఎందుకు పోయావని అడగలేదు. తిడతాడనుకున్నాను, తిట్టలేదు. "ఎట్లున్నడు?" అన్నాడు.

"అచ్చం జమున లెక్కనే ఉన్నడు."

చెయ్యి కడుక్కుని లేచాడు. తర్వాతి రెండు రోజుల్లో ఒక్కసారి, జమున మొగుడు ఏం చేస్తాడని అడిగాడు, బళ్లో లెక్కల సారని చెప్పాను. మూడో రోజు పొద్దున బూట్లు వేసుకుంటూ, నా వైపు చూడకుండా అన్నాడు.

"సూర్యాపేట ఎన్నడు పోదాం?"

సంతోషపడాల్సిన మాట. నేను రెండు మూడుసార్లు బతిమాలినా కదలనివాడు, ఆమె కొడుకు మాట వింటే మూడు రోజుల్లో కదిలాడు. ఎదురుచూసిన ఆ మాట వినగానే నాకు ముందుగా వచ్చింది ఏడుపు.

సూర్యాపేటలో డాక్టరు పెద్దాయన, మెల్లగా మాట్లాడే మనిషి. వారం తేడాలో రెండుసార్లు పోయాం. రెండోసారి రిపోర్టు కాగితం మా వైపు తిప్పి, పెన్నుతో చూపిస్తూ చెప్పాడు.

"కణాలు మిల్లీలీటరుకు అరవై లక్షలున్నాయి. కనీసం కోటిన్నర ఉండాలి. అందులో కదిలేవి నూటికి పదకొండే. నలభై దాటాలి. మిగతా పరీక్షల్లో, స్కాన్‌లో తేడా ఏమీ లేదు. మీరు ఏం పని చేస్తారు?"

మా ఆయన గోదాం పని చెప్పాడు. మందు కొట్టేటప్పుడు మాస్కు ఉంటుందా, బట్టలు మారుస్తారా, ఇంట్లో దోమలకు ఏం వాడతారు అని డాక్టరు ఒక్కొక్కటే అడిగాడు. ఆయన ఒక్కొక్కటే చెప్పాడు. మూసిన కిటికీలు, స్ప్రే, రెండు మిషన్లు, కాయిల్. గోదాం మందు, కిరోసిన్ దగ్గరికి వచ్చేసరికి డాక్టరు పెన్ను పక్కన పెట్టాడు.

"ఎన్నేళ్ల నుంచి?"

"ఎనిమిదేండ్లయితది సార్."

"ఇదొక్కటే కారణమని నేను చెప్పలేను. కానీ పురుగుమందుల గాలిలో ఎక్కువ కాలం ఉండే మగవాళ్లలో కణాలు తగ్గడం, కదలిక మందగించడం, కణం లోపలి జన్యుపదార్థం దెబ్బతినడం పరిశోధనల్లో చూశారు. పద్ధతిగా వాడే మామూలు దోమల మందుల గురించే ఇంకా పరీక్షలు జరుగుతున్నాయి. మీరు చేసిందైతే ఏ లెక్కలోకీ రాదు, ఊపిరితిత్తులకే ప్రమాదం. అన్నీ ఆపండి. తెర కట్టుకోండి, కిటికీలకు జాలీ కొట్టించండి. మిల్లులో ఆ పని వేరేవాళ్లు మాస్కులు, గ్లౌజులతో చేయాలి. మీరు స్నానం చేశాకే ఇంటికి రావాలి."

"ఆపితే బాగయితదా సార్?"

"ఒక కొత్త కణం తయారవడానికి దాదాపు రెండున్నర నెలలు పడుతుంది. మూడు నెలల తర్వాత రండి. మాట మాత్రం ఇవ్వలేను."

బయటికొచ్చాక బస్టాండు ఎదురుగా చెరుకురసం బండి దగ్గర నిలబడ్డాం. ఆయన గ్లాసు పట్టుకుని తాగలేదు.

"నారు పోసుకున్నట్టే అన్నమాట. ఎండినకాడికి ఎండింది, ఇగ కొత్తది రావాలె" అన్నాడు. తర్వాత, "అమ్మకు చెప్పకు లతా" అన్నాడు.

చెప్పనన్నాను. దోమతెర కొన్నాం. నీలిది ఉందా అని నోటిదాకా వచ్చింది, తెల్లది తీసుకున్నాను.

ఆషాఢం మొదట్లో తెర కట్టాం. అత్తమ్మ గది గుమ్మంలో నిలబడి చూసింది.

"చంటిపిల్లలున్న ఇంట్ల కట్టినట్టు ఇదేంది? పిల్లలు లేని మంచానికి తెర ఎందుకు?"

ఆయన నా చేతిలో తాడు అందుకుని ముడి వేశాడు. మిషన్లు, సీసాలు, డబ్బాలు నాకు చెప్పకుండానే ఒక సంచిలో కట్టి బయట పెట్టాడు. ఆదివారం నాడు కిటికీలకు తనే జాలీ కొట్టాడు. కూలర్‌లో నీళ్లు, డ్రమ్ముల్లో నీళ్లు, అత్తమ్మ తులసికోట కింద పళ్లెంలో నీళ్లు కూడా వారం వారం ఒంపేసేవాడు. అయినా పొద్దు గూకితే ఆయన ముఖం చూడలేకపోయేదాన్ని. తెర లోపలికి దూరి, నాలుగు అంచులూ పరుపు కింద చెక్కుకుని, మధ్యలో కాళ్లు ముడుచుకుని కూర్చునేవాడు.

శ్రావణంలో సాగర్ కాలువకు నీళ్లు వదిలారు. దోమలు ఊరి మీద పడ్డాయి. రాఖీ పున్నమ వెళ్లిన మూడో రోజు ఆయనకు జ్వరం వచ్చింది. నూట రెండు.

అత్తమ్మ వాకిట్లో కూర్చుని వినబడేలా అన్నది, "మిషన్ ఖర్చు మిగిలించుకుంటున్నది. నా కొడుకును సంపుతది."

నేను ఎదురు చెప్పలేదు. చెప్పాలంటే అసలు సంగతి చెప్పాలి. రక్తపరీక్షకు ఇచ్చి, రిపోర్టు వచ్చేదాకా ఆయన తల దగ్గరే కూర్చున్నాను. ఇది డెంగీ అయితే చంపింది నేనే అని భయం. చీటీ తెచ్చింది నేను, తెర కట్టింది నేను. ఆయన కళ్లు మూసుకుని పలవరిస్తున్నట్టుగా అన్నాడు.

"అప్పుడు జమున పదకొండు రోజులు కుర్చీలనే కూసున్నది. పక్క మంచమోడు పోయిన నాడు గూడ లేవలే."

చేతిలో తడిబట్టను గట్టిగా పిండాను. జ్వరంలో ఉన్న మనిషి మీద అంత కోపం రావచ్చునని నాకు అప్పటిదాకా తెలియదు. నేనూ కూర్చునే ఉన్నాను, పొద్దుటి నుంచి చాయ్ చుక్క ముట్టలేదు. పదకొండు రోజులు కూర్చునే అవకాశం నాకూ రావాలని ఒక్క క్షణం అనిపించింది. వెంటనే నా మీద నాకే అసహ్యం వేసి, బట్ట మళ్లీ తడిపి నుదుటి మీద వేశాను.

రిపోర్టులో డెంగీ లేదు. ప్లేట్‌లెట్లు రెండు లక్షల పైన ఉన్నాయి. మామూలు జ్వరం అన్నారు. నేనే ఆయనతో, "పోనీ, ఒక్క మిషన్ పెడ్దామా? బజార్ల దొరికేదే" అన్నాను.

"వద్దు. తెర తియ్యకు. ఇంక నెల పదిహేను రోజులే గదా" అన్నాడు.

ఎన్ని రోజులయ్యాయో ఆయన కూడా నాలాగే చూసుకుంటున్నాడని అప్పుడు తెలిసింది.

బతుకమ్మ మొదలైన నాలుగో రోజున రెండో రిపోర్టు వచ్చింది. పొద్దున ఇద్దరం సూర్యాపేట పోయి, మధ్యాహ్నానికి తిరిగి వచ్చాం. కణాలు కోటి ముప్పై లక్షలు. కదిలేవి నూటికి ముప్పై రెండు. "ఇంకా చేరాల్సిన చోటికి చేరలేదు. కానీ దారిలో ఉన్నారు. ఇలాగే ఉండండి" అన్నాడు డాక్టరు. బస్సులో ఆయన ఆ కాగితాన్ని నాలుగుసార్లు మడిచి, నాలుగుసార్లు విప్పాడు. నవ్వాడు కూడా. తర్వాత కిటికీ వైపు తిరిగి, "గప్పుడే పోయుంటే అయిపోతుండె" అన్నాడు.

అప్పుడే అంటే ఎప్పుడో నేను అడగలేదు. చీటీ పొయ్యిలో వేసిన రోజు. ఆ రోజే పోయుంటే, ఆ నీలి తెర మా గదిలోనే ఉండేది. నేను ఆత్మకూర్‌లోనే ఉండేదాన్ని. నెలల తరబడి కష్టపడి నేను బాగుచేసుకున్న మనిషి, ఆ బాగైన సంగతి తెలిసిన గంటకే ఆమెను తలుచుకున్నాడు.

సాయంత్రం మా వాకిట్లో బతుకమ్మ పేరుస్తున్నారు. చాప మీద తంగేడు, గునుగు, బంతిపూలు కుప్పలుగా పోసి ఉన్నాయి. అత్తమ్మ తాంబాళంలో వరసలు పెడుతోంది. వాడకట్టు ఆడవాళ్లు చుట్టూ కూర్చుని కాడలు తుంచి ఇస్తున్నారు. నేను గునుగు పూలకు రంగు అద్దుతున్నాను. చెయ్యి మోచేతి దాకా గులాబీ రంగు.

కళ్యాణి, "దసరాకు కోదాడ పోయొస్తనత్తా" అన్నది. అంతే, మాట జమున మీదికి మళ్లింది. ఎవరో పిల్లవాడి సంగతి అడిగారు.

"ఆ పిల్లగాడు ఆమె కన్నోడు కాదు" అన్నది అత్తమ్మ, పువ్వు మీద పువ్వు పెడుతూ. "యాడనో దవాఖానల మాట్లాడుకొని తెచ్చుకున్నరట. ఐదేండ్లు నా కండ్ల ముందల ఉన్నది, నాకు తెల్వదా. గొడ్రాలు గొడ్రాలే."

ఎవరో అయ్యో అన్నారు. ఎవరో నిజమేనా అన్నారు. అందరూ ఒకసారి నా వైపు చూసి, పూల వైపు చూశారు. ఆ చూపు నాకు కొత్త కాదు.

రిపోర్టు లోపల బీరువాలో ఉంది. ఆ కనుబొమలు, ఆ గడ్డం నేను దగ్గర నుంచి చూశాను. ఒక్క మాట అంటే చాలు. కానీ నేను అనలేదు. మా ఆయనకు ఇచ్చిన మాట ఉంది కదా అని సమాధానం చెప్పుకున్నాను. అది అబద్ధం. అత్తమ్మ ఆమెను అలా అంటుంటే నాకు లోపల చల్లగా ఉంది. గులాబీ రంగు నీళ్లలో ఇంకో గుప్పెడు గునుగు ముంచాను.

కుళాయి దగ్గర నీళ్ల చప్పుడు ఆగింది. ఆయన ఎప్పుడొచ్చాడో నేను చూడలేదు. మధ్యాహ్నం బస్సు దిగి మిల్లుకు పోయినవాడు, అక్కడే స్నానం చేసి వచ్చి, ఇక్కడ కాళ్లు కడుక్కుంటున్నాడు. తువ్వాలు భుజాన వేసుకుని చాప దాకా వచ్చాడు.

"అమ్మా, ఆ పిల్లగాడు జమున కన్నోడే. ఆమెల లోపం లేకుండె. నాలనే ఉండె. మూడు నెల్ల కింద పరీక్ష చేపిచ్చుకున్న. కాయితాలు ఉన్నయి, కావాల్నంటే సూపిస్త."

గొంతు పెంచలేదు. బియ్యం బస్తాలు ఎన్ని వచ్చాయో చెప్పినట్టుగా చెప్పాడు.

"ఏం మాట్లాడుతున్నవ్ రా" అన్నది అత్తమ్మ.

"ఉన్నదే చెప్తున్న. ఇంకోసారి ఆమెను ఆ మాట అనకు."

లోపలికి పోయాడు. అత్తమ్మ పెట్టిన తంగేడు పువ్వునే తీసి, మళ్లీ అక్కడే పెట్టింది. కళ్యాణి తల వంచుకుని కాడలు తుంచుతూనే ఉంది, తుంచాల్సినవి అయిపోయినా.

ఆ మాటతో నేను కూడా బయటపడ్డాను. ఇక నన్ను ఎవరూ ఆ చూపు చూడరు, నాటుమందు ఇవ్వరు, పెద్దమనుషులను పిలిపించరు. రెండున్నరేళ్లుగా నేను కోరుకున్నది అదే. అయినా ఆ క్షణంలో నాకు తోచింది ఒకటే. నా కోసం ఆయన ఎన్నడూ నలుగురిలో నోరు తెరవలేదు. ఆమె కోసం తెరిచాడు. ఆమె ఈ ఇల్లు వదిలిన ఇన్నేళ్లకు కూడా ఆమె కోసమే తెరిచాడు. నేను నోరు మూసుకుని కూర్చున్నందుకు సిగ్గు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది అసూయే.

బతుకమ్మను ఎత్తుకుని అందరూ కాలువ వైపు కదిలాక, నేను వెనకబడి పెరట్లోకి పోయాను. నీసు గిన్నె రేకుల కింద బోర్లించి ఉంది. దాని పక్కన కూర్చుని ఫోన్ తీశాను. ఈ మాట ఆమెకు చెప్పే పని ఆయనకు మాత్రం వదలదలచుకోలేదు. చేతి రంగు ఫోన్‌కు అంటుకుంది.

"చెప్పు శ్రీలతా, బాగున్నావా?" అన్నది జమున. వెనక పిల్లవాడి కేరింతలు వినబడ్డాయి.

జరిగింది జరిగినట్టు చెప్పాను. పరీక్ష సంగతి, తెర సంగతి, ఇందాకటి మాట. నేను మాట్లాడకుండా కూర్చున్నది కూడా చెప్పాను.

అప్పుడు అడిగింది. కోదాడ మాట కాదు, కొత్త ఇంటి మాట కాదు. ఈ పెరట్లో గిన్నెలు తోమినప్పటి మాట.

"గా మాట ఎంతమంది ఇన్నరు?"

ఇద్దరే అని చెబుదామని నోటిదాకా వచ్చింది. ఆమెకు అంతకంటే ఎక్కువ ఇవ్వడానికి నాకు మనసొప్పలేదు. కళ్లు మూసుకుని చాప చుట్టూ ఎవరెవరు కూర్చున్నారో ఒక్కొక్కరినీ గుర్తు చేసుకున్నాను.

"అత్తమ్మ గాక ఏడుగురక్కా" అన్నాను. "నాతోని ఎనిమిది."